పరుపుల మీద కన్న సోమవారాలు

మే 6, ఆదివారం

రేపు ఎవరిది?

ఈ పేజీ తిప్పేవాడా, ముందు దీనికి జవాబు చెప్పి తర్వాత చదువు. నా డైరీ నేను తప్ప ఇంకెవరూ ముట్టుకోరని తెలుసు. కాబట్టి అడుగుతున్నది నిన్నే, బోధకుడా. రేపు నీదా? నీ చేతికి రానిదాన్ని ఎలా అమ్ముతావు? ఇంకా పుట్టని రోజుకి ధర ఎవడు కట్టాడు?

ఈ ఉదయం మా పరుపుల దుకాణంలోనే జరిగే ప్రార్థన కూటంలో ఇదే అడిగాను. పరుపులన్నీ గోడవారకు నిలబెట్టి, దూది ఏకే యంత్రం మీద దుప్పటి కప్పి, దాని పక్కన నిలబడి అడిగాను. ఎక్స్ఛేంజిలో ఫ్యూచర్స్ అనే కొత్త బోర్డు తెరిచినప్పటి నుంచి మా వీధికి కుదురు లేదు. షేరు కొననక్కర్లేదట. నెలాఖరుకి మార్కెట్ సూచీ పెరుగుతుందని ఒకడు, తగ్గుతుందని ఒకడు ఒప్పందం చేసుకుంటారట. మొత్తం విలువ జేబులో ఉండనక్కర్లేదు, మార్జిన్ అని చెప్పి కొసరంత కడితే చాలట. ఎదురుగా ఉన్న సెలూనాయన ఒక చేత్తో గడ్డం గీస్తూ ఇంకో చేత్తో ఫోన్ చూస్తున్నాడు. మొన్న నా చెవి తెగింది. ఆ చెవినే సాక్ష్యంగా చూపించి ప్రసంగించాను. రేపు అనేది దేవుడి గుప్పిట్లో ఉన్న దూది, దాన్ని తూకం వేసి అమ్ముతున్నారు మీరు, అన్నాను. ప్రతి ఆదివారంలాగే ఆఖర్న, "లేవండి, ఇవాళే లేవండి, రేపు మీది కాదు," అని అరిచాను. గొంతు బొంగురుపోయింది. విన్నది పట్టుమని ఇరవైమంది.

అక్క నీళ్ళు తెచ్చి ఇస్తూ, "దూది ఏకినట్టు ఏకేశావురా తమ్ముడూ. మధ్యలో ఊపిరి తీసుకోవడం మర్చిపోయావు," అంది.

చివరి వరసలో ఒక కొత్త మనిషి, నీలం కోటు. ఫ్యూచర్స్ బ్రోకరేనట. కోపం తెచ్చుకుంటాడనుకున్నాను. కళ్ళు మూసుకుని అంతా విని, వెళ్తూ వెళ్తూ ఒక పరుపు ఆర్డరిచ్చాడు. వాక్యం ఎక్కడ తగలాలో అక్కడే తగులుతుంది.

మే 8, మంగళవారం

నీలం కోటు పరుపు పూర్తయింది. నాన్న పెట్టిన నియమం తప్పలేదు. ఏ పరుపైనా ఈ దుకాణం గడప దాటే ముందు కుట్టినవాడు దాని మీద ఒక్క కునుకు తీయాలి. దూదిలో ఉండకట్టిన చోటు చేతికి దొరకదు, నిద్రపోతున్న వీపుకే దొరుకుతుంది.

మధ్యాహ్నం భోజనం చేసి దాని మీద ఒరిగాను. కిటికీలోంచి వెలుగు ఏటవాలుగా పడుతోంది. అందులో దూది నలుసులు పైకీ కిందికీ, ఏ తొందరా లేకుండా. పైగదిలో అక్క కుట్టు మిషను చప్పుడు దూరమవుతూ పోయింది.

మెట్లు కనిపించాయి. దూదితో చేసినవి. కాలు పెడితే కుంగుతూ, తీస్తే ఉబ్బుతూ, ప్రతి మెట్టూ ఊపిరి పీలుస్తోంది. మనుషులు నెత్తిన బుట్టలతో ఎక్కుతున్నారు. బుట్టల్లో ఈకలు. గ్రంథంలో ఒక భక్తుడు కలగన్న నిచ్చెన మీద దూతలు ఎక్కుతూ ఉంటారు, దిగుతూ కూడా ఉంటారు కదా, ఇక్కడ దిగేవాళ్ళేరి అని అడగబోయాను. మెలకువ వచ్చింది. నాలుక మీద దూది పీచు.

పరుపు బాగా కుదిరింది. ఎడమ మూల ఒక్క కుట్టు వదులు.

మే 13, ఆదివారం

ఆత్మ పైకెక్కే తీరు చెప్పడానికి ఆ మెట్ల కల వాడుకున్నాను. ఎప్పుడూ నిద్రపోయే ముసలాయన కూడా కళ్ళు తెరిచాడు. కూటం అయ్యాక నీలం కోటు దగ్గరికొచ్చి, దిగేవాళ్ళు ఎవరూ లేరన్నారు, నిజంగా ఒక్కరూ లేరా అని గుచ్చి గుచ్చి అడిగాడు. ఒక్కరూ లేరన్నాను. ఎవరితోనో మాట్లాడటానికి వీధిలోకి పరుగెత్తాడు. సువార్త విన్నవాడికి కాలు నిలవదు. ఎంత ఆర్తి.

మే 14, సోమవారం

మార్కెట్ బాగా పెరిగిందట. నాకేం?

మే 15, మంగళవారం

నీలం కోటు ఇంకో పరుపు కావాలన్నాడు. ముందుది తీసుకెళ్ళనేలేదు. ఇంట్లో చోటు సర్దాలట. అతని స్నేహితులు ముగ్గురు కూడా ఆర్డరిచ్చారు. దూది తూకం తక్కువేసినా పర్వాలేదు, శనివారం లోపల కునుకు మాత్రం తీయమన్నారు. పనిలో నిజాయితీకి ఈ కాలంలోనూ విలువ ఉందన్నమాట.

మే 20, ఆదివారం

జనం వీధిలోకి వచ్చేశారు. పరుపుల మీద, తలగడల మూటల మీద, ఏకే యంత్రం పీట మీద, ఎక్కడ సందు దొరికితే అక్కడ. నేను నోరు తెరవగానే పెన్నులు తీశారు. ప్రసంగంలో అంశాలు రాసుకునే కూటాన్ని ఇన్నేళ్ళలో ఎప్పుడూ చూడలేదు. ప్రభువా, నీ పంట.

ఈ వారం కల ఇది. నీటి అడుగున దీపాల దుకాణం. వరసగా దీపాలు, నీళ్ళలోనూ వెలుగుతున్నాయి. చేపలు మెల్లగా, మర్యాదగా, పెద్దవాళ్ళు పిల్లలకి దుప్పటి కప్పినంత జాగ్రత్తగా ఒక్కో దీపాన్నీ ఆర్పుకుంటూ వెళ్తున్నాయి. నాకు భయం వేయలేదు. నిద్ర ముంచుకొచ్చినట్టుంది అంతే.

లోకపు వెలుగులు ఆరిపోతాయని బోధించాను. సగంమంది ఆమెన్ దాకా కూడా ఆగలేదు.

మే 22, మంగళవారం

నిన్న మార్కెట్ పడిందట. ఎంతలా అంటే పొద్దున్నే సెలూనాయన మా దుకాణానికి వచ్చి ఒక పరుపు అంచున కూలబడ్డాడు.

ఫ్యూచర్స్ కొని పెట్టుకున్నాడట, పెరుగుతుందని. పడటం మొదలవగానే బ్రోకరు ఆఫీసు నుంచి ఫోను. మధ్యాహ్నం లోపల ఇంకా మార్జిన్ కట్టాలి, లేకపోతే మేమే అమ్మేస్తాం. కట్టలేకపోయాడు. అమ్మేశారు. ఆ అమ్మకానికి ధర ఇంకాస్త దిగింది, ఆ దిగుడుకి పక్క మెడికల్ షాపాయన ఫోను మోగింది, ఆయనది అమ్మితే ఆ పక్కన ఇస్త్రీ ఆయనది. ఒక ఫోను ఆగితే ఇంకోటి. వీధి పొడుగునా.

ఆ నష్టం కింద తిరిగే కుర్చీలు రెండూ పోయాయి. ఇవాళ మనుషుల్ని నిలబెట్టి గీస్తున్నాడు.

"ఒక్క ఆదివారం రాలేదండీ అయ్యగారూ," అన్నాడు తల వంచుకుని. "ఒక్కటంటే ఒక్కటి. వచ్చుంటే ఇలా అయ్యేది కాదు."

ఆరాధన మానినందుకు ఎంత పశ్చాత్తాపం. భుజం మీద చెయ్యి వేసి ప్రార్థించాను. ఒక పీట ఇచ్చి పంపాను.

మే 24, గురువారం

మేనకోడలు వచ్చింది. ఎక్స్ఛేంజిలో నిఘా విభాగంలో పని చేస్తుంది. ఎవరు ఏం కొంటున్నారు, ఎందుకు కొంటున్నారు, తేడాగా ఏమైనా ఉందా, ఇదే పొద్దస్తమానం చూడటం. వాళ్ళమ్మ పైన మిషను మీద ఉంటే నేరుగా నా దగ్గరికే వచ్చి, తలగడ ఒకటి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చిన్నప్పుడూ అంతే. కోపం వస్తే తలగడ.

"మామయ్యా, ఆదివారం ఏం చెప్పావు?"

"వాక్యం చెప్పాను."

"వాక్యం కాదు. చేపలు."

నాకు అర్థం కాలేదు. చెప్పుకొచ్చింది. సోమవారం బోర్డు తెరవగానే వాళ్ళ గదిలో ఎర్ర గుర్తులు వెలుగుతున్నాయట. చిన్న చిన్న ఆర్డర్లు, అన్నీ ఒకే దిక్కుకి, అన్నీ మా పేట నుంచే. కిందటి వారం కొనుగోళ్ళు, ఈ వారం అమ్మకాలు. వాళ్ళ పెద్దాయన కొత్త వార్త ఏదో వచ్చి ఉంటుందని పేపర్లన్నీ తిరగేయించాడట.

"వార్త ఏమీ లేదు మామయ్యా. ఉన్న వార్తల్లా మా మామయ్య నిద్రపోయాడనే."

మరి ఈ ఫ్యూచర్స్ సాతాను పనే కదా, నేను చెప్పలేదా అన్నాను. కాదంది. వాటి అసలు పని వేరట. చేతిలో బోలెడు షేర్లు ఉండి, పడిపోతాయేమోనని బెంగపడేవాడు ఆ బెంగని మోయగలవాడికి అమ్మేసుకుని హాయిగా పడుకోవచ్చట. కొన్ని దేశాల్లో ఇవి వచ్చాక షేర్ల ఊగులాట తగ్గిందట, కొన్నిట్లో పెరిగిందట. తప్పు ఫ్యూచర్స్‌దా, అప్పటికే ఉన్న జబ్బుదా అని చదువుకున్నవాళ్ళే తేల్చుకోలేక జుట్లు పట్టుకుంటున్నారట.

"మరి మన దగ్గరెందుకు ఇంత ఊగుతోంది?"

"మనది తొట్టి మామయ్యా. సముద్రంలో ఏనుగు దిగినా ఒడ్డుకి తెలీదు. తొట్టిలో పిల్లాడు కాలు పెట్టినా నీళ్ళు బయటికి చిందుతాయి. ఉన్నదే కొద్దిమంది, అందరూ ఒకే వైపు ఒరుగుతారు. కట్టేది చెంచాడు, మోసేది బిందెడు. ఫ్యూచర్స్ ధరకీ షేర్ల ధరకీ సందు కనిపిస్తే చాలు, ఇక్కడ కొని అక్కడ అమ్మేవాళ్ళు కాచుకుని కూర్చుంటారు. అందుకని ఇక్కడి కుదుపు క్షణంలో అక్కడికి పాకుతుంది. సెలూనాయన కుర్చీలు ఎక్కడికి పోయాయనుకున్నావు?"

ఇక కలలు చెప్పొద్దంది. నాకు పౌరుషం వచ్చింది. గ్రంథంలో చెరసాలలో ఉన్నవాడు రాజు కల విప్పి చెప్పి దేశాన్ని కరువు నుంచి కాపాడలేదా అన్నాను.

"ఆయన ఏడేళ్ళు ధాన్యం దాచమన్నాడు మామయ్యా. సోమవారం పొద్దున్నే అమ్మమనలేదు."

తలగడ అక్కడే పడేసి పైకి వెళ్ళిపోయింది. పిల్లకి వాళ్ళమ్మ కుట్టు పట్టుబడలేదు గానీ సూది మాత్రం నాలుక మీదే ఉంది.

నా కునుకు ఒక దేశపు సూచీని కదిలించింది. ఇది గర్వం కాదు. గర్వం కాదని రాసి పెట్టుకుంటున్నాను.

మే 25, శుక్రవారం

కల రాలేదు.

మే 26, శనివారం

మూడు పరుపులు మార్చాను. కల రాలేదు. పరుపులన్నీ మెత్తగానే ఉన్నాయి.

మే 27, ఆదివారం

తలగడల పొలం. కనుచూపుమేర తెల్లగా, వరసలుగా నాటిన తలగడలు. పొద్దు పొడవగానే ఒక్కోటీ గుడ్డులా పగిలి, లోపల్నుంచి తెల్లటి పక్షి లేస్తోంది. ఆకాశం నిండా రెక్కలు. ఒక్క పక్షి కూడా వెనక్కి చూడలేదు.

ఇది చెబుతున్నప్పుడు నా ఒళ్ళు నాకే గగుర్పొడిచింది. వీధి చివరిదాకా మనుషులు, ఎండలో చేతులు అడ్డం పెట్టుకుని. నీలం కోటు పెన్ను కాగితానికి వేలెడు ఎత్తులో ఆగి ఉంది. మెట్ల మీద అక్క, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నేను మొదటిసారి తప్పుల్లేకుండా ఒక అధ్యాయం చదివిన రోజు చూసినట్టు చూస్తోంది. "అయ్యగారూ, కల," అని ఎవరో అడిగారు. నోరు తెరిచాను. వచ్చింది.

మెలకువలో వచ్చే కలలూ ఉంటాయి. ప్రవక్తలకి రాలేదా. పైగా ఎంత అందంగా ఉంది.

నిన్నటి పేజీ మళ్ళీ చదవకూడదు.

మే 28, సోమవారం

పెరిగింది. విపరీతంగా పెరిగింది. కాబట్టి అది కలే.

మే 29, మంగళవారం

పరుపులు కప్పుకి తగిలాయి. ఆర్డరిచ్చినవాడు ఒక్కడూ తీసుకెళ్ళడు. దుకాణంలో నడవడానికి ఒక సందు మిగిలింది. అందులో నడుస్తుంటే రెండు వైపులా మెత్తటి గోడలు, చప్పుడు చేసినా వినపడదు. నేను అరిచినా వినపడదు. ఒకసారి అరిచి చూశాను.

బడి టీచరమ్మ వచ్చింది. నడుం నొప్పికి ఎప్పుడో గట్టి పరుపు చెప్పింది. అది అన్నిటికన్నా అడుగున ఉంది. ఈ వారం కల చాలా బాగా వచ్చిందమ్మా అని నచ్చజెప్పబోయాను.

"నాకు కల వద్దండీ. పరుపు కావాలి," అంది.

మే 31, గురువారం

అక్క భోజనం వడ్డిస్తూ చెప్పింది. చాలా మామూలుగా, దారం అయిపోయింది తెప్పించు అన్నట్టుగా.

దుకాణం తాకట్టు పెడుతోంది. కింద భాగమూ పైగదీ మొత్తం. బావ పోయాక ఆమె పేరున మిగిలింది ఇదొక్కటే. వచ్చేదంతా నీలం కోటు దగ్గర మార్జిన్‌గా పెట్టి, పెరుగుతుందని ఫ్యూచర్స్ కొంటుందట. కాగితాలు అతనే తెస్తాడు. ఆదివారం ఆమెన్ అయ్యాక అందరి ముందూ సంతకం.

ఎందుకక్కా అన్నాను. జనం ఎండలో నిలబడుతున్నారంది. పెద్ద హాలు కట్టిస్తానంది, ఎత్తైన కప్పుతో, దూది దుమ్ము లేకుండా, నా గొంతు పాడవకుండా.

"నీ పక్షులన్నీ లేచాయి కదరా. నేనొక్కదాన్నే గుడ్డు పొదుగుతూ కూర్చోనా?" అని నవ్వింది.

"ఆలోచించుకో అక్కా."

"నువ్వు చెప్పాక ఇంకా ఆలోచన దేనికి?"

బడి మొహం చూడని నేను గ్రంథం ముందేసుకుని అక్షరం అక్షరం కూడబలుక్కుంటుంటే, మిషను ఆపి, కూర్చుని, చివరిదాకా విన్న మనిషి ఈ లోకంలో ఈమె ఒక్కతే. వినీ వినీ నన్ను బోధకుణ్ణి చేసింది. ఈరోజుకీ నేను ఏది చదివితే అది ఉన్నట్టే నమ్ముతుంది. నేను చదవనిది కూడా.

చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది. మజ్జిగ వెయ్యనా అని అడిగింది. వెయ్యమన్నాను.

జూన్ 1, శుక్రవారం

టీచరమ్మ పరుపు అడుగు నుంచి లాగాను. పైవన్నీ ఒక్కసారిగా జారి మీద పడ్డాయి. దెబ్బ తగల్లేదు. పరుపులు పడితే దెబ్బ తగలదు, ఊపిరాడదు అంతే.

నియమం ప్రకారం దాని మీద ఒరిగాను. ఏమీ అడగలేదు. వీపు ఎక్కడ నొప్పెడుతుందో చూద్దామని మాత్రమే పడుకున్నాను.

అవే మెట్లు. ఈసారి దిగేవాళ్ళు ఉన్నారు. అందరూ ఒకేసారి దిగుతున్నారు, మెట్టు చూస్తే ఒక్క మనిషి పట్టేంత. కాలు పెడితే కుంగుతోంది గానీ తిరిగి ఉబ్బడం లేదు. ఊపిరి వదిలేసి, మళ్ళీ తీసుకోవడం మానేసినట్టు. చప్పుడు లేదు. అంతమంది పడుతున్నా మంచు పడ్డంత నెమ్మది. మధ్యలో అక్క, నెత్తి మీద బుట్టలో కుట్టు మిషను. చక్రం తనంతట తానే తిరుగుతోంది. "తమ్ముడూ, కాస్త పట్టుకోరా," అంది. చేతులు చాపుదామనుకున్నాను. నా రెండు చేతుల నిండా ఈకలు. వదిలేస్తే చెల్లాచెదురైపోతాయి, ఎంత అందంగా ఉన్నాయో అని చూస్తూ నిలబడ్డాను.

లేచేసరికి దవడ నొప్పి. పళ్ళు బిగించి పడుకున్నాను కాబోలు.

పరుపు నడుం దగ్గర సమంగా ఉంది. సాయంత్రం మోసుకెళ్ళి నేనే దింపి వచ్చాను.

జూన్ 2, శనివారం

మేనకోడలు మళ్ళీ వచ్చింది. వాళ్ళమ్మతో పైన చాలాసేపు మాట్లాడి, ఎర్రటి కళ్ళతో కిందికి దిగింది. ఏమందని అడిగాను.

"నువ్వు లెక్కలు చదివావు, వాడు వాక్యం చదివాడు అంది. అయిపోయింది."

నీలం కోటు మీద వాళ్ళ ఆఫీసు కన్నేసి ఉందట. కానీ కల మీద కేసు పెట్టే చట్టం ఏ దేశంలోనూ రాయలేదట. నేను నిన్నటి కల చెప్పాను. ఇదే రేపు కూటంలో చెబితే అక్క ఆగుతుంది కదా అన్నాను. ఆ మాట అంటూనే నాకు ఎంతో తేలిక అనిపించింది. ఇంత సులువా అనుకున్నాను.

"అమ్మ ఆగుతుంది. మిగతావాళ్ళు సోమవారం పొద్దున్నే అమ్మడానికి ఎగబడతారు. చెవిన పడనివాళ్ళకి ఫోన్లు మోగుతాయి. ఇంకో నాలుగు సెలూన్లు."

"చెప్పకపోతే?"

"అమ్మ సంతకం పెడుతుంది."

"నేనేం చేసినా కదులుతుందన్నమాట."

"కదులుతుంది. అబద్ధం మీద ఎక్కింది ఎప్పటికైనా దిగాల్సిందే మామయ్యా. ఎంత ఆలస్యమైతే అంత ఎత్తు నుంచి." తలగడ అంచు మడిచింది, విప్పింది. "ఒకటి అడుగుతాను. ఆ పక్షులు... నిజంగా వచ్చాయా?"

ఏకే యంత్రం మీట నొక్కాను. దూది లేదు లోపల. ఖాళీ యంత్రం ఎంత గోల చేస్తుందో నాకు ఇన్నాళ్ళూ తెలీదు. ఆ పిల్ల ఆ గోలలోనే కాసేపు కూర్చుని, తలగడని యథాస్థానంలో పెట్టి వెళ్ళిపోయింది. ఈసారి పడెయ్యలేదు.

యంత్రం ఆపి గ్రంథం తెరిచాను. ఎక్కడ తెరిచినా కలలు కన్నవాళ్ళే. కళ్ళు మూసి, వేలు పెట్టి, మళ్ళీ తెరిచాను. దేవుడు పంపకుండానే పరుగెత్తిన ప్రవక్తల గురించి ఉన్న చోటు వచ్చింది. వెంటనే మూసేశాను. అది వేరేవాళ్ళ గురించి.

జూన్ 3, ఆదివారం. ఉదయం.

కింద జనం వచ్చేశారు. ఈ పైగదిలోకి వాళ్ళ మాటలు విడివిడిగా వినపడవు, తేనెపట్టు లోపల కూర్చున్నట్టుంది. ఎండ అప్పుడే కిటికీ ఎక్కింది. నలుసులు ఎక్కుతున్నాయి, దిగుతున్నాయి. రెండూ చేస్తున్నాయి. మొదటి రోజు నుంచీ రెండూ చేస్తూనే ఉన్నాయి. నేనే చూసుకోలేదు.

సెలూనాయన ముందు వరసలో పీట వేసుకుని కూర్చున్నాడట. నేనిచ్చిన పీటే. ఇస్త్రీ ఆయన వచ్చాడట. నీలం కోటు ఏకే యంత్రం మీద కాగితాలు పరిచి, గాలికి ఎగరకుండా నా గ్రంథమే బరువు పెట్టాడట. ఇవన్నీ అక్క వచ్చి చెప్పింది. ఉతికిన చీర కట్టుకుంది. వేళ్ళకి సూది గుచ్చుకున్న మచ్చలు కనపడకుండా నూనె రాసుకుంది, సంతకం పెట్టాలి కదా.

"ఇవాళేం కల వచ్చిందిరా?" అని అడిగింది. పెద్ద ఆత్రంగా కూడా కాదు. రొట్టె ఉందా అన్నట్టు.

"వస్తున్నానక్కా, నువ్వు కింద ఉండు," అన్నాను. చెప్పులు వేసుకుంటోంది. మెట్ల దగ్గర పట్టీ సరిచేసుకుంటోంది, ఇంకా దిగలేదు.

రాసెయ్యి ముందు. ఇక్కడైనా.

కిందటి శనివారం కల రాలేదు. పక్షులు లేవు. నేనే పుట్టించాను. నా గొంతుకి అలవాటైపోయిన ఆ చూపుల కోసం పుట్టించాను. అది నిజమై సూచీ పెరగలేదు. జనం నమ్మి కొన్నారు కాబట్టి పెరిగింది. మొదటి కలలు నిజంగా వచ్చాయి, కానీ అవి భోజనం చేసి పడుకున్న ఒక పరుపులవాడి నిద్ర. వాటిలో సోమవారం లేదు. ఏ నిద్రలోనూ సోమవారం ఉండదు. ఫ్యూచర్స్ కట్టేవాళ్ళని రేపటి దొంగలన్నాను. వాళ్ళు రేపటికి కనీసం ధరైనా కడుతున్నారు. నేను చూశానని చెప్పి ఉత్తపుణ్యానికి పంచిపెట్టాను.

ఇంకో మాట కూడా రాయి. ఇది చెబితే కూటం ఖాళీ అవుతుంది. మళ్ళీ పట్టుమని ఇరవైమంది. లేదా ఆ ఇరవైమందీ ఉండరు. అక్క నా వైపు చూసే ఆ చూపు ఇక ఉండకపోవచ్చు. అన్నిటికన్నా అదే భయం. మిగతావన్నీ అడ్డం పెట్టుకున్న తలగడలు.

ఇవాళ బోర్డు మూసి ఉంది. ఇవాళ ఏ ధరా కదలదు, ఏ ఫోనూ మోగదు. నిజం విని, అరిచి, తిట్టి, ఇంటికెళ్ళి ఆలోచించుకోవడానికి వాళ్ళకి పొద్దు పొద్దంతా ఉంది. సోమవారం తెల్లారాక చెప్పే నిజం కూడా ఒక కుదుపే. ఈ ఒక్క రోజే అది వట్టి నిజం.

అక్క మొదటి మెట్టు దిగింది. చెక్క కిర్రుమంది. రెండోది.

బోధకుడా, ఎన్ని ఆదివారాలు వాళ్ళ మీద అరిచావు? ఇవాళే లేవండి అని. రేపు మీది కాదని. ఒక్కసారైనా నువ్వు లేచావా? రేపు ఎవరిదని అడిగావు కదా, ఈ పుస్తకం మొదట్లో, ఎంత ధైర్యంగా. నీది కాదు. అది ఎప్పుడూ నీది కాదు. నీకు ఇచ్చింది ఈ పూట, ఈ పదిహేను మెట్లు, నీ అక్క చెయ్యి కాగితం మీద ఆనే లోపల ఉన్న ఈ కాస్త సందు.

చేతిలో ఈకలు వదిలెయ్యి. పెన్ను కింద పెట్టు. ప్రార్థన తర్వాత చేసుకుందువు గాని. పరుగెత్తు. ఆమెన్ కోసం ఆగకు, మొదటి కీర్తన కోసం కూడా ఆగకు, అక్క చెయ్యి పట్టుకుని అందరికీ వినపడేలా చెప్పు. ఇవాళే. ఇప్పుడే.

లే.